వెళ్ళనిదానికి బీపీ ఎక్కడిది?

బట్టల దుకాణం రెండో అంతస్తు, ఆడవాళ్ళ రెడీమేడ్ల వెనక చివరి ట్రయల్ రూము. లోపల గడియ పెట్టుకుని, ధర చీటీలు కుట్టాల్సిన నైటీల గుట్ట మీద కూర్చున్నారు ఇద్దరు సేల్స్ అమ్మాయిలు. ఒకే మెరూన్ రంగు యూనిఫాం, ఇద్దరికీ ఎనిమిదో నెల. ఎనిమిదో నెలలోనూ గెంతుతూ నడిచే చిన్నదాన్ని దుకాణమంతా పిచ్చుక అంటుంది. పెద్దదాన్ని పిచ్చుక 'అక్కా' అని పిలుస్తుంది.

"కాళ్ళు పైకెత్తుకోవే పిచ్చుకా. తలుపు కింద జానెడు సందుంది. సూపర్‌వైజర్ వంగి చూశాడంటే ఇద్దరం దొరికిపోతాం."

"నా కాళ్ళ సంగతి తర్వాత. ముందు నా మాటకి జవాబు చెప్పక్కా. మొన్న నా కార్డు పట్టుకుని ఆసుపత్రికెళ్ళి ఏం చెప్పొచ్చావు?"

"నువ్వు చెప్పమన్నదే చెప్పాను."

"నేనేం చెప్పమన్నాను?"

"ఇదేంటే, పాఠం అప్పజెప్పించుకుంటున్నావు? 'ఆ అమ్మాయి పుట్టింటికెళ్ళింది, ఇప్పట్లో రాదు, ఆ బలం మాత్రలేవో నాకిస్తే పంపిస్తాను' అని చెప్పమన్నావు. చెప్పాను. మాత్రలు తెచ్చాను. నీ చేతిలో పెట్టాను."

"అంతేనా?"

"అంతే."

"ఇంకేం మాట్లాడలేదా?"

"పెళ్ళి సంబంధం మాట్లాడానా అక్కడ? అంతేనంటే అంతే. ఆ సూది ఇటివ్వు."

"మరి వాళ్ళు నా బీపీ ఎలా చూశారక్కా?"

"ఏంటీ?"

"పొద్దున బావకి ఫోనొచ్చింది. 'మీ భార్యకి బీపీ బాగా ఎక్కువగా ఉంది, మూత్రంలో ప్రోటీన్ పోతోంది, చూసి చెప్పి పంపాం, మళ్ళీ ఎందుకు రాలేదు, ఇవాళే తీసుకురండి, అశ్రద్ధ చేస్తే తల్లికి ఫిట్స్ వస్తాయి, బిడ్డకీ ప్రమాదం' అన్నారట. బావ నీళ్ళ క్యాన్ల ఆటో నడిరోడ్డు మీద ఆపేసి నాకు ఫోన్ చేశాడు. వెనక హారన్ల మోత."

"ఏ... ఏ ఆసుపత్రి నుంచి?"

"నాకు ఆసుపత్రులు ఎన్నున్నాయక్కా? అదే. నువ్వెళ్ళిందే. నేను ఆ గుమ్మం తొక్కి నెల దాటింది. వెళ్ళనిదానికి బీపీ ఎక్కడిది? ఇవ్వని మూత్రంలో ప్రోటీన్ ఎక్కడిది?"

"ఏదో పొరపాటయ్యుంటుంది."

"ఎలాంటి పొరపాటు?"

"అక్కడ వందమంది వస్తారు. ఒకరిది ఒకరికి... వదిలెయ్యవే. ఈ నైటీలు మధ్యాహ్నానికల్లా రాక్ ఎక్కాలి."

"వదిలెయ్యనా? నిన్ను నేను చీమంత కూడా అనుమానించట్లేదక్కా, ఏమీ అనుకోకు. నా అనుమానమంతా వాళ్ళ మీద. చూశావా వాళ్ళ ఎత్తు? వెళ్తే ఉందంటారు. వెళ్ళకపోయినా ఉందంటారు. ఎలాగైనా సరే మంచమెక్కించాలి."

"మెల్లగా మాట్లాడు."

"నెల కిందట వెళ్ళినప్పుడే నాకు వాసనొచ్చింది. చెయ్యి చాపమంది, పట్టీ చుట్టింది, బుస్సుబుస్సుమని గాలి కొట్టింది. పెదవి విరిచి 'కొంచెం ఎక్కువుందమ్మా, వారం పోయాక మళ్ళీ రా' అంది. మా వీధిలో ఇస్త్రీ అతని కోడలికీ ఇలాగే మొదలెట్టారు. కొంచెం ఎక్కువన్నారు, వారం అన్నారు, ఆఖరికి నెల ముందే కోసేశారు."

"ఆ పిల్ల ఇప్పుడెలా ఉంది?"

"దానికేం, దుక్కలా ఉంది. బిడ్డా బుగ్గలేసుకుని బాగానే ఉంది. అది కాదు పాయింటు."

"మరేంటి పాయింటు?"

"కోశారు కదా! అదీ పాయింటు."

"కోతంటే నన్నడుగు. పెద్దాడప్పుడు నన్నూ కోశారు. కుట్లతో మూడు నెలలు నిటారుగా నిలబడలేకపోయాను. తిరిగొచ్చేసరికి నా పట్టుచీరల కౌంటర్లో ఇంకో అమ్మాయి నవ్వుతూ నిలబడుంది. నన్ను తెచ్చి ఈ నైటీల్లో పడేశారు. పట్టు మడత విప్పిన చేతులివి. ఈసారి కూడా కోశారనుకో, నైటీలు కూడా ఉండవు."

"అందుకే నువ్వు వాళ్ళ జోలికే పోలేదు. తెలివైనదానివి. అవునూ, ఈసారి నువ్వు ఎప్పుడు చూపించుకున్నావు?"

"నాకేంటే, రెండోది. ఒకసారి నడిచిన దారే."

"ఎప్పుడూ అని అడుగుతున్నా."

"మూడో నెలలో. ఎప్పుడో. ఆయన లారీ మీద వెళ్ళినవాడు రావాలి, మా అత్తగారు సరే అనాలి, ఇక్కడ సెలవివ్వాలి. మూడూ ఒకే రోజు కుదరాలంటే గ్రహాలు కలిసి రావాలి. అయినా ఆవిడ ఏమంటుందో తెలుసా? 'మేం పొలం గట్ల మీద తిరుగుతూ కన్నాం, మీకొచ్చాయమ్మా ఈ బీపీలు' అని."

"మా అత్తయ్యా అంతే. మంచి మనిషే కానీ, తలనొప్పంటే కొబ్బరినూనె, కడుపునొప్పంటే కొబ్బరినూనె. రేపు బిడ్డ బయటికి రానంటే దానికీ కొబ్బరినూనే రాస్తుంది."

"నవ్వించకే. ఇక్కడ పట్టేస్తోంది."

"ఎక్కడ?"

"ఈ డొక్కలో. కుడివైపు. గ్యాసు."

"నిన్నా అదే అన్నావు."

"నిన్నటి గ్యాసే."

"ష్! అక్కా, కీచుబూట్లు! సూపర్‌వైజర్! కాళ్ళు, కాళ్ళు!"

"ఎవరు లోపల? ఇంతసేపా?"

"ఏమయ్యా, ఇది నడుం దగ్గర పట్టట్లేదు! ఇంకో సైజు తెప్పించు!"

"అలాగే మేడమ్, ఏ సైజు మేడమ్?"

"మీ దగ్గరున్న అన్నిటికంటే పెద్దది!"

"ఇప్పుడే తెస్తాను మేడమ్."

"...వెళ్ళాడా?"

"వెళ్ళాడు. మేడమ్ అన్నాడక్కా నన్ను! రెండుసార్లు! ఇది బావకి చెప్పాలి. నిన్న రాత్రి ఏం చేశాడో తెలుసా? పసుపుపచ్చ సాక్సులు తెచ్చాడు, ఇంతింత, నా బొటనవేలికి తొడగొచ్చు. రెండూ తన రెండు వేళ్ళకి తొడుక్కుని నా పొట్ట మీద నడిపించాడు. లోపలినుంచి ఒక్క తాపు! బావ భయపడి మంచం దిగిపోయాడు. పెళ్ళయి ఏడాదైనా ఇంకా... ఏంటక్కా, వింటున్నావా?"

"వింటున్నాను. ఈ నైటీలకి చమ్కీలెందుకు కుట్టారే? కళ్ళలో జిగేల్మంటున్నాయి."

"చమ్కీలా? నూలు నైటీలక్కా ఇవి. బామ్మలు కొనుక్కునేవి. చమ్కీ ఎక్కడుంది?"

"ఇదిగో... సరే, లైటు వెలుగేమో. ఆ లైటు ఆర్పెయ్యి కాసేపు."

"ఆర్పితే ఎవరూ లేరనుకుని తలుపు తోస్తారు. పొద్దున్నుంచీ తలనొప్పన్నావు, తగ్గలేదా?"

"రేపటికి తగ్గుతుంది."

"మొహం కూడా ఉబ్బింది నీది. కాళ్ళకి ఆ చెప్పులేంటి, మగవాళ్ళవి?"

"మా ఆయనవి. మెత్తగా ఉంటాయి. ఎనిమిదో నెలలో వాపు రాకపోతే అదీ ఒక జబ్బే. నాలుగు రోజులుంటుంది, పోతుంది. నీళ్ళు ఎక్కువ తాగాను, ఉప్పు బిస్కట్లు తిన్నాను. ఇంకా ఏమైనా అడగాలా లాయరుగారూ?"

"అడగాలి. నర్సమ్మ నిన్ను ఏమడిగింది?"

"మళ్ళీ మొదటికొచ్చావా?"

"నా గురించి ఏమైనా అడిగిందా అని."

"ఎక్కడమ్మా అడిగేది? టేబుల్ దగ్గర ఇంత గుంపు. ఈ మధ్యే వచ్చినావిడలా ఉంది, ఎవరి మొహమూ చూడట్లేదు. కార్డు తీసుకుంది, పేరు పిలిచింది—"

"ఎవరి పేరు?"

"కార్డు మీదున్న పేరు. నీదే. మాత్రలివ్వడానికి."

"మరదలా! లోపలున్నావా?"

"అయ్యో, బావ! బావా, మెల్లగా! ఇది ఆడవాళ్ళ ట్రయల్ రూము. పైకెలా వచ్చావు?"

"భుజం మీద నీళ్ళ క్యానుంటే నన్నెవరడుగుతారు? భయపడకు, కళ్ళు మూసుకునే నిలబడ్డాను."

"తలుపు మూసుంటే కళ్ళెందుకు మూసుకోవడం?"

"మర్యాద. పద, పద. క్యాన్లన్నీ కింద వాచ్‌మన్ దగ్గర దింపేశాను. ఆటో వెనక మన పరుపు పరిచాను, దిండు కూడా తెచ్చాను. పడుకునే వెళ్ళొచ్చు ఆసుపత్రికి."

"నేను రాను."

"రాకపోతే ఎలా? మళ్ళీ ఫోన్ చేశారు. ఇది రెండోసారి."

"బావా, నువ్వు చెప్పు. నేను మొన్న ఆసుపత్రికెళ్ళానా?"

"అదే నేనూ నిన్ను అడగాలనుకున్నాను. నాతో చెప్పకుండా వెళ్ళొచ్చావా? వాళ్ళు ఎక్కువుందంటే భయపడి నా దగ్గర దాచావా?"

"ఏంటీ, నన్ను అనుమానిస్తున్నావా?"

"అనుమానం కాదు. భయం. ఆవిడ గట్టిగా చెప్పింది మరి. 'వచ్చింది, కూర్చుంది, చెయ్యి చాపింది, మెరూన్ యూనిఫాంలో ఉంది' అంది. రెండుసార్లు చూసిందట బీపీ. 'కాలు నొక్కితే గుంట పడింది, ఉంగరం వేలికి బిగుసుకుపోయింది, వెంటనే తీయించమని చెప్పాను, తీయించారా' అని అడిగింది."

"ఉంగరమా! నా ఉంగరమా! నువ్వు కొన్న ఉంగరం నా వేలికి ఎప్పుడు పట్టింది బావా? ఇదిగో, తలుపు కిందనుంచి దొర్లిస్తున్నాను చూడు. అందిందా?"

"అందింది. ఈ దారమేంటి?"

"జారిపోతోందని చుట్టుకున్నాను. ఇప్పుడు చెప్పు, అది బిగుసుకుపోయే ఉంగరమా?"

"కాదు. దీన్లో నీ రెండు వేళ్ళు పడతాయి."

"మరి? నువ్వు కళ్ళు మూసుకున్నావనుకున్నానే?"

"ఉంగరం కోసం తెరిచాను. అయితే మరదలా... వాళ్ళు అబద్ధమే చెప్పారన్నమాట. నీ యూనిఫాం రంగు కూడా కనుక్కుని మరీ!"

"అదే కదా ఇందాకట్నుంచి మొత్తుకుంటున్నాను! రంగు ఎవరికి తెలియదు? ఈ దుకాణం మెరూన్ ఊరంతా తెలుసు. కోతల కోసం ఎంత కథ అల్లారో చూడు."

"ఒక్క నిమిషం. వదిన లోపలున్నారా?"

"ఉంది. ఇక్కడే ఉంది."

"వదినా, మీరే కదా మొన్న వెళ్ళింది. మీరు చెప్పండి. అక్కడేమైనా తేడాగా అనిపించిందా?"

"నాకేం తెలుసు మరిదిగారూ. నేను కిటికీ దగ్గర చెప్పేసి వచ్చేశాను."

"కిటికీ దగ్గరా? ఇందాక టేబుల్ దగ్గరన్నావక్కా."

"కిటికీ పక్కనే టేబులు."

"నువ్వెళ్ళినప్పుడు ఇంకో మెరూన్ యూనిఫాం ఎవరైనా ఉన్నారా? మన వాళ్ళెవరైనా? మూడో అంతస్తులో పిల్లల బట్టల దగ్గర ఒకావిడకి ఐదో నెల."

"నేను చూడలేదు."

"గుర్తు తెచ్చుకో."

"చూడలేదని చెప్పాను కదే! ఎందుకలా తవ్వుతున్నావు? తల పగిలిపోతోంది నాకు."

"వదినా, కోప్పడకండి. దీనికి గాభరా, అంతే."

"గాభరా ఏంలేదు బావా. తేలిపోయింది. మొన్న వాళ్ళిచ్చిన మాత్రలు డబ్బాతో సహా పారేస్తాను. ఏం కలిపారో ఎవరికి తెలుసు? ఇక ఆ గుమ్మం తొక్కను. నొప్పులొచ్చినా తొక్కను."

"నొప్పులొస్తే మరి?"

"మా పెద్దమ్మ నలుగురిని ఇంట్లోనే కనింది. ఆవిణ్ణి పిలిపిద్దాం."

"ఆవిడకి ఇప్పుడు కళ్ళు సరిగా కనిపించవు కదా."

"చేతులున్నాయి కదా!"

"అంత మాటనకే పిచ్చుకా."

"ఎందుకనకూడదు? నువ్వే కదక్కా అన్నావు, కోశాక పని పోయిందని?"

"అన్నాను. కానీ నొప్పులొచ్చినా వెళ్ళననడం... నీకు నెల కిందట కొంచెం ఎక్కువుందన్నారు కదా. అదైతే నిజమే కదా."

"ఇప్పుడదీ నమ్మను! మొన్నటిది అబద్ధమైతే అంతకు ముందుది నిజమెలా అవుతుంది? ఒకసారి తూకంలో మోసం చేసినవాడి దగ్గర మళ్ళీ కొంటామా?"

"నిజమే వదినా. నాకూ ఒళ్ళు మండుతోంది. పొద్దున్నుంచీ ప్రాణం అరచేతిలో పెట్టుకుని తిరిగాను. దారిలో రెండు సిగ్నళ్ళు దాటేశాను. నేనొక్కణ్ణే వెళ్ళి ఆ నర్సమ్మని నిలదీస్తాను. 'మా ఆవిడ రానేలేదు, ఎవరి బీపీ రాశావు' అని నలుగురిలో అడుగుతాను."

"వద్దు, వద్దు. అలా అడక్కండి."

"ఎందుకు వదినా?"

"పాపం, ఆవిడ... ఆవిడ పని ఆవిడ చేసుకుంది."

"వాళ్ళని వెనకేసుకొస్తావేంటక్కా? నీకేమైంది? ఆ నైటీ చేతుల మీద కప్పుకుని కూర్చున్నావు, చలేస్తోందా?"

"లేదు."

"సూది కూడా పట్టుకోలేకపోతున్నావు. ఇందాకట్నుంచి ఒక్క చీటీ కుట్టలేదు నువ్వు. చెయ్యి చూపించు."

"వదలవే."

"చూపించక్కా. అమ్మో! వేళ్ళేంటి ఇలా ఉన్నాయి? ఉంగరం చుట్టూ ఎర్రగా కమిలిపోయింది. సబ్బు రాయలేదా?"

"రాశాను. నూనె కూడా రాశాను."

"మరదలా, ఏం జరుగుతోంది లోపల?"

"ఏంలేదు బావా, అక్క వేలు వాచింది. నువ్వెళ్ళు, కీచుబూట్లాయన పెద్ద సైజు వెతుక్కుని వచ్చేస్తాడు. పరుపు మడిచేసి క్యాన్లు ఎక్కించుకో. సాయంత్రం మాట్లాడుకుందాం. ఇవాళ నిజంగా నాకు సంతోషంగా ఉంది తెలుసా? పొద్దున ఫోన్ విన్నప్పుడు ఆ పసుపు సాక్సులే కళ్ళముందు తిరిగాయి. ఎవరూ తొడుక్కోరేమో అనిపించింది. ఇప్పుడు హాయిగా ఉంది. నాకేం లేదు."

"సరే బంగారం. జాగ్రత్త. వెళ్తున్నా వదినా."

"మరిదిగారూ!"

"ఆఁ, వదినా?"

"ఆ పరుపు మడవకండి."

"ఎందుకు?"

"ఆటో అక్కడే ఉంచండి. క్యాన్లు ఎక్కించకండి."

"అక్కా, ఏం మాట్లాడుతున్నావు? వాళ్ళు అబద్ధమాడారని తేలిపోయింది కదా?"

"ఇందాక చమ్కీలన్నాను చూడు."

"లేవని చెప్పాను కదా."

"కళ్ళు మూసుకున్నా కనిపిస్తున్నాయే."

"అక్కా..."

"నువ్వు మాత్రలు పారేస్తానంటున్నావు. నొప్పులొచ్చినా వెళ్ళనంటున్నావు. నా పని పోకుండా ఉంటే చాలు, నేనేమైనా ఫరవాలేదనుకున్నాను. నిన్ను కూడా ముంచుతానని అనుకోలేదు."

"నువ్వు నన్ను ముంచడమేంటి?"

"వాళ్ళు అబద్ధం చెప్పలేదు."

"నేను వెళ్ళందే—"

"నా యూనిఫాం చూసింది. నా పొట్ట చూసింది. నా చేతిలో నీ కార్డు చూసింది. నోరు తెరిచేలోపే పట్టీ చుట్టేసింది. పేరు నీదే పిచ్చుకా. చెయ్యి నాది."